మూలగడిలో ఏనుగు

కొత్తగా బడుల్లో చేరిన డ్రిల్లు మాస్టార్లు, కుర్రాళ్ళు, అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్ళంతా అడిగే ప్రశ్న ఒక్కటే: "మీ చేతికింద తయారైన గొప్ప ఆటగాళ్ళెవరండీ?" అని. నా చేతికింద పరిగెత్తినవాళ్ళు, దూకినవాళ్ళు, గుండు విసిరినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది శుభ్రంగా గుమాస్తాలై పొట్టలు పెంచుకున్నారు. గొప్పగా ఆడింది మాత్రం ఒక్క పిల్ల. ఆ పిల్ల నా డ్రిల్లు పీరియడులో ఒక్కనాడైనా పరిగెత్తిన పాపాన పోలేదు. గోడనీడన కూర్చునేది.

ఆ పిల్ల సంగతే ఇప్పుడు రాస్తున్నాను. మీరు కుర్రాళ్ళు గనక ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. నోరు మూసుకుని కూర్చున్నాను, అంతే. అది కూడా నాకు చచ్చే చావైంది.

యాభైల నడిమిరోజులు. టెక్కలిలో ఒక హైస్కూల్లో పనిచేస్తున్నాను. నాది జలంత్రకోట. కొబ్బరితోటల్లో పరుగులు పెట్టి పెరిగినవాణ్ణి. చెమట పట్టనిది ఆటే కాదని నా నమ్మకం. ఆ మాట లెక్కల మాస్టారితో రోజూ అనేవాణ్ణి, ఎందుకంటే ఆయనకి చదరంగం పిచ్చి. ఆయన ఊరుకునేవాడా? "డ్రిల్లు మాస్టారికి దేవుడు కాళ్ళిచ్చి సరిపెట్టేశాడు" అని స్టాఫ్ రూమంతా వినిపించేలా అనేవాడు. మేమిద్దరం ఒకరినొకరు ఆడిపోసుకోకుండా కాఫీ తాగిన రోజు లేదు.

ఒకరోజు డ్రిల్లు పీరియడులో సెకండ్ ఫారం పిల్ల ఒకతి వరసలో నిలబడకుండా గోడవారన గొంతుక్కూర్చుని, బొగ్గుముక్కతో నేలమీద గళ్ళు గీస్తోంది. సముద్రం ఒడ్డున ఉద్దానం పల్లెల పిల్ల. టెక్కలిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. కోపం వస్తే నా నోట్లోంచి మా ఊరి భాషే వస్తుంది.

"ఏటి సేత్తన్నావే అక్కడ?"

"ఆడతన్నాను మాస్టారూ."

"ఎవులితోటి?"

"నాతోనే."

గళ్ళలో జీడిపిక్కలు, చింతపిక్కలు, కొబ్బరిచిప్ప ముక్కలు పేర్చి ఉన్నాయి. చూస్తే చదరంగమని అర్థమైంది. నాకు వెంటనే దుర్బుద్ధి పుట్టింది. పన్నెండేళ్ళ పిల్లని లెక్కల మాస్టారి ముందు కూర్చోబెడితే ఆయన ఎంత చిరాకుపడతాడో చూడాలనిపించింది. సాయంత్రం బడి వదిలాక తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

ఆయన ఓడిపోయాడు. అయితే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పంతా పిల్ల ఆటదే అన్నాడు. "ఇదేం చదరంగమయ్యా, ఈ పిల్ల రాజు గుర్రంలా దూకాడు. ఎక్కడన్నా ఉందా?"

ఉంది. ఉద్దానంలో ఉంది. పిల్ల తాత దగ్గర నేర్చుకున్నది పాతకాలపు ఆట. అందులో రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదలాలి. బంటు నడిచి నడిచి అవతలి చివరికి చేరితే, ఏ గడికి చేరిందో ఆ గడి పావే అవుతుంది. గుర్రం గడికి చేరితే గుర్రం, మూలగడికి చేరితే ఏనుగు. లెక్కల మాస్టారు పుస్తకాల్లో చదివి నేర్చుకున్న ఆటలో అలా కాదు. బంటు ఏ చివరి గడికి చేరినా మన ఇష్టం వచ్చిన పావుని పెట్టుకోవచ్చు. ఎవరైనా మంత్రినే పెట్టుకుంటారు, బలం దానికే ఎక్కువ గనక.

ఆయన పుస్తకం ఆట నేర్పాడు. పిల్ల మొదటిరోజు ఓడింది. ఆ తరవాత ఆయన చేతిలో మళ్ళీ ఓడిందే లేదు. ఒకనాడు ఆయన నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఎప్పట్లా నన్ను ఆడిపోసుకోలేదు. "నా వల్ల కాదయ్యా, ఈ పిల్లకి నేను చాలను. పోటీలకి తీసుకెళ్ళాలి" అన్నాడు. పోటీలకి పిల్లల్ని తీసుకెళ్ళడం డ్రిల్లు మాస్టారి ఉద్యోగం. అలా ఆ పిల్ల నా పాలబడింది.

అనుమతి కోసం పిల్లని వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. సముద్రం హోరు వినిపించే ఊరు. జీడితోట మధ్య పూరింట్లో ముసలాయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు కళ్ళూ పొరలు కమ్మిపోయాయి. చాలా ఏళ్ళుగా ఆయన నోటితో ఎత్తు చెబుతుంటే పావులు కదిపేది ఈ మనవరాలే. ఆట ఎలా వంటబట్టిందో అక్కడ నాకు తెలిసింది.

"కూకో బాబూ, ఒక ఆట ఏద్దాం" అన్నాడు.

మర్యాదకి కూర్చున్నాను. కాసేపటికి నా పావులన్నీ ఊడ్చిపెట్టుకుపోయి రాజొక్కడే మిగిలాడు. ముసలాయన ఒక ఎత్తు చెప్పాడు. పిల్ల పావు కదిపింది. వెంటనే ఆయనే చెయ్యి ఊపాడు. "ఆగాగు, ఎనక్కి తీసీ. బాబు రాజుకి ఊపిరి నేదు." ఆ ఎత్తు వెనక్కి తీయించి వేరే ఎత్తు వేయించి, ఆ తరవాత తీరిగ్గా ఆట కట్టించాడు. బడిపంతుల్ని గదా, ఒక్కసారిగా నలిపేయకుండా కాస్త గౌరవించాడనుకున్నాను.

పిల్ల తండ్రి మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. సొంత తోట ఉన్న రైతు, మాటకి కట్టుబడే మనిషి. "మాస్టారూ, నలుగురు మొగోళ్ళ మజ్జిన ఆడగుంటని కూకోబెట్టమంటన్నారు. ఊళ్ళో అప్పుడే నోళ్ళు లేసినాయి. గెలిత్తే ఎవుడూ కిక్కురుమనడు. ఓడిపోతే నాను తలెత్తుకోలేను గదా?"

"ఓడదు" అన్నాను. చదరంగం గురించి నాకు తెలిసింది ఆవగింజంత. ధైర్యం మాత్రం గుమ్మడికాయంత ఉండేది.

పలాసలో రైలు ఉద్యోగుల క్లబ్బు వాళ్ళు పెట్టిన పోటీకి తీసుకెళ్ళాను. తండ్రి కూడా వెంట వచ్చాడు. గూడ్సు గార్డుల్నీ టిక్కెట్టు గుమాస్తాల్నీ వరసపెట్టి ఓడించింది. కిటికీలకి జనం వేలాడారు. ఆఖరి ఆటలో బంటు గుర్రం గడికి చేరింది. మంత్రిని పెట్టుంటే ఆట అయిపోయేది. పిల్ల తడుముకోకుండా గుర్రాన్ని తీసి పెట్టేసింది. పెట్టాక నాలిక్కరుచుకుంది. పట్టిన పావు ఆడాల్సిందే గనక అక్కడినుంచి ఆట తిరగబడింది. ఓడిపోయింది. కిటికీ దగ్గర ఎవరో పకపకా నవ్వారు.

తిరుగు ప్రయాణంలో తండ్రి బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. టెక్కలిలో దిగాక అన్నాడు: "ఇంకొక్క పాలి సూత్తాను మాస్టారూ. యేసంగుల్లో మీ బళ్ళో పెద్దపోటీ ఉన్నాదంట గదా. అందులో గెలిత్తే సదువూ ఆటా రెండూ మీరు సెప్పినట్టే. గెలవకపోతే ఆ రోజే బండి కట్టించి ఇంటికి తీసుకుపోతాను. సదువు కూడా సాలు. తోటలో పనున్నాది."

ఆయన కోపంగా అనలేదు. అందుకే భయమేసింది. ఆటలో ఓడితే చదువెందుకు మానాలని వాదించాను. "మీ మాట మీదే గదా మాస్టారూ పలాసకి ఒప్పుకున్నాను" అన్నాడు.

ఇక నా పద్ధతి మొదలైంది. పిల్ల కొంప ముంచేది ఆ పాత అలవాటే గనక, దాన్ని వేళ్ళతో సహా పెరికెయ్యాలని తీర్మానించుకున్నాను. డ్రిల్లు మాస్టారికి వచ్చిన విద్య ఒక్కటే, చెప్పిందే చెప్పించడం. పొద్దున్న ప్రార్థనకి ముందు, సాయంత్రం బడి వదిలాక, పిల్ల ఎక్కడ ఎదురుపడితే అక్కడ నిలబెట్టేవాణ్ణి.

"చివరి గడి?"

"మంత్రి."

"గుర్రం గడి?"

"మంత్రి."

"మూలగడి?"

"మంత్రి."

ఎక్కాల్లా వల్లించేది. లెక్కల మాస్టారు మిగతాదంతా చూసుకుంటాడని నేను నిశ్చింతగా ఉన్నాను. నియమాలన్నీ నేనే వల్లె వేయిస్తున్నానని ఆయన నిశ్చింతగా ఉన్నాడు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. ఇద్దరు మాస్టార్లు కలిసి ఒక పిల్లకి పాఠం చెబితే జరిగేది ఇదే.

వేసవి పోటీకి ఉత్తర జిల్లాల ఆటగాళ్ళంతా వచ్చారు. మా బడి హాల్లోనే బల్లలు వేశారు. ఇందులో మొదట నిలిచినవాళ్ళు రాష్ట్ర పోటీకి వెళతారు. పిల్ల ఒక్కొక్కర్నే దాటుకుంటూ వచ్చింది. ఒక ఆట మాత్రం సమానమైంది. పొరుగు పట్నం నుంచి వచ్చిన ప్లీడరు గారు ఒకాయన ఏటేటా అక్కడ గెలుస్తున్నవాడు, ఈసారి కూడా ఒక్క ఆటా వదలకుండా గెలుచుకుంటూ వచ్చాడు. ఆఖరి రోజు ఆఖరి ఆట వాళ్ళిద్దరికీ పడింది. లెక్క చూసుకుంటే పిల్ల గెలిచి తీరాలి. సమానమైతే ఆయనదే పోటీ.

రిఫరీ తాసీల్దారుగా రిటైరైన పెద్దమనిషి. అంతకుముందు ఆటలో నేను ఉండబట్టలేక "అబ్బా" అన్నానని నన్ను పిలిచి చెప్పాడు: "మాస్టారూ, ఇంకోసారి మీ నోటినుంచి మాటొచ్చినా, చేత్తో సైగ చేసినా, పిల్ల ఓడినట్టు రాసేస్తాను. మీ దయ." హాస్యానికి అనే రకం కాదాయన.

ఆ ఉదయం వాకిట్లో బండి ఆగింది. పిల్ల తండ్రి ఎద్దుల్ని విప్పి బడి వెనక వేపచెట్టుకి కట్టాడు. గడ్డి పడేశాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో నిలబడ్డాడు, భుజమ్మీద కండువాతో. ఖాళీ బండి ఎందుకు తెచ్చాడో నాకు తెలుసు. పిల్లకీ తెలుసు. మేనత్త అప్పటికే దాని బట్టలు మూటకట్టి బండిలో పెట్టేసింది.

ఆట మొదలైంది. కిటికీల్లోంచి వడగాలి కొడుతోంది. ప్లీడరు గారు నెమ్మదస్తుడు. ప్రతి ఎత్తుకీ ముందు రెండు వేళ్ళతో నస్యం పీల్చి, రుమాలుతో తుడుచుకుని, అప్పుడు పావు ముట్టుకునేవాడు. పిల్లని "అమ్మా" అనే పిలిచేవాడు. ఆయన మర్యాద చూస్తే నాకు ఇంకా దడ పుట్టింది. తిట్టేవాడితో ఎలాగైనా వేగొచ్చు.

పిల్ల అరచేతులు గౌను మీద రుద్దుకుంటోంది. రెండుసార్లు గుమ్మం వైపు చూసింది. ఆ తరవాత చూడ్డం మానేసింది. మధ్యాహ్నం దాటేసరికి బల్లమీద పావులు పలచబడ్డాయి. ఏనుగుకి ఏనుగు, గుర్రానికి గుర్రం పోయాయి. నేను లెక్కల మాస్టారి మొహం చూసి ఆట ఎటు పోతోందో తెలుసుకుంటున్నాను. నా మొహం చూసి పిల్ల తండ్రి తెలుసుకుంటున్నాడు. ఆయనకి ఆట తెలియదు. గుమ్మంలోంచి కళ్ళు ఆర్పకుండా నన్నే చూస్తున్నాడు. జీవితంలో మొదటిసారి నా మొహాన్ని ఏ భావమూ లేకుండా పెట్టుకోవాలని చూశాను. అది నాకు వచ్చిన విద్య కాదు.

చివరికి ప్లీడరు గారికి రాజొక్కడే మిగిలాడు. పిల్లకి రాజూ రెండు బంట్లూ ఉన్నాయి. అందులో ఒక బంటు అంచువెంట నడుచుకుంటూ వెళ్ళి మూలగడికి ఒక్క అడుగు దూరంలో ఉంది. లెక్కల మాస్టారు మొదటిసారి వెనక్కి జారగిలబడ్డాడు. నేను గుండెలనిండా గాలి పీల్చుకున్నాను. గుమ్మంలో తండ్రి కండువా సర్దుకున్నాడు.

ప్లీడరు గారు నస్యం పీల్చాడు. తన రాజుని ఆ బంటువైపు ఒక్క గడి జరిపాడు. జరిపి, చేతులు కట్టుకుని, పిల్ల మొహంలోకి ఎంతో దయగా చూశాడు. నాకు అందులో ఏమీ కనిపించలేదు. బంటుని ఆపడానికి ఆయనకి ఎలాగూ అందదు.

పిల్ల బంటుని మూలగడిలోకి తోసింది. ఇక దాన్ని తీసి దాని స్థానంలో పావు పెట్టాలి. చచ్చిన పావులు బల్లపక్కన గుట్టగా ఉన్నాయి. చెయ్యి వాటిమీదకి వెళ్ళింది. మంత్రి మీద ఆగింది. నా పెదాలు కదులుతున్నాయని నాకే తెలిసి, జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాను. మూలగడి, మంత్రి. మూలగడి, మంత్రి.

పిల్ల తలెత్తి నా వైపు చూసింది. దెబ్బ పడబోతోందని తెలిసిన పిల్లలు అలా చూస్తారు. నేను చూపు నేలకి దించేశాను. రిఫరీ నన్నే గమనిస్తున్నాడు.

నేను మళ్ళీ కళ్ళెత్తేసరికి మూలగడిలో ఏనుగు ఉంది.

హాల్లో "అయ్యో" అని గుసగుస లేచింది. పలాసలో చూసినవాళ్ళు కొందరున్నారు అక్కడ. ఇన్నాళ్ళ వల్లెవేత బూడిదలో పోసిన పన్నీరైంది. మళ్ళీ అదే తప్పు, అదే ఊరి అలవాటు. పైగా ఏనుగు ఒంటరిగా ఉంది. ప్లీడరు గారి రాజు ఒక్క అడుగు వేస్తే దాని మీదకి వచ్చేస్తాడు. చెమట చొక్కా దాటి నడుముదాకా కారింది. చెమట పట్టనిది ఆట కాదన్నవాణ్ణి నేనే.

గుమ్మం వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. తండ్రి నా మొహాన్ని ఒక్క క్షణం చదివాడు. కండువా దులుపుకుని, వెనక్కి తిరిగి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఎక్కడికో నాకు తెలుసు. ఎద్దుల దగ్గరికి.

లేచి ఆయన్ని ఆపాలంటే బల్ల పక్కనుంచి వెళ్ళాలి. కదిలితే రిఫరీ ఏమంటాడో అని అక్కడే బిగుసుకుపోయాను. అప్పుడు లెక్కల మాస్టారు నా తొడ గిల్లాడు. మామూలుగా కాదు, చర్మం ఊడేలా. ఆయన చూపు బల్ల మీద లేదు, ప్లీడరు గారి చేతి మీద ఉంది. ఆ చెయ్యి నస్యం డబ్బీ మీద ఆగిపోయింది. మూత తీశాడు గాని పీల్చడం మర్చిపోయాడు. ఆయన మొహంలో దయ పోయింది.

ఏదో జరిగిందని అప్పుడు అర్థమైంది. ఏం జరిగిందో అర్థం కాలేదు.

ప్లీడరు గారి రాజు ఏనుగు మీదకి వచ్చాడు. పిల్ల ఏనుగుని ఆ చివరినుంచి ఈ చివరికి తోసేసింది. తరవాత ఎత్తులు చకచకా సాగాయి. ఏనుగు ఒకవైపు గీత గీసింది, పిల్ల రాజు రెండో బంటు పక్కన కాపలా నిలబడ్డాడు. ప్లీడరు గారు కొంతసేపు తిరిగాడు. చివరికి తన రాజుని నెమ్మదిగా బల్లమీద పడుకోబెట్టి, లేచి నిలబడి, పిల్లకి చెయ్యందించాడు.

హాలంతా లేచింది. లెక్కల మాస్టారు ఏడుస్తూ నన్ను కుదిపేస్తున్నాడు. "చూశావా, మంత్రిని పెట్టుంటే పోయేది. మొత్తం పోయేది." అప్పుడు చెప్పాడు నాకు. మంత్రి బలం చుట్టూ ఉన్న గళ్ళన్నిటినీ కాసేస్తుంది. ప్లీడరు గారి రాజు మీద దెబ్బ ఉండదు గాని, కదలడానికి ఒక్క గడీ మిగలదు. పుస్తకం ఆటలో రాజు అలా ఇరుక్కుంటే గెలుపూ లేదు ఓటమీ లేదు, ఆట సమానం. సమానమైతే పోటీ ఆయనది. ఏనుగు అయితే రాజుకి పక్కగడి మిగులుతుంది, ఆట నిలుస్తుంది. పిల్ల మంత్రిని పెడుతుందనే ప్లీడరు గారు తన రాజుని ఆ గడిలోకి తెచ్చాడు.

"ఈ వయసులో అంత దూరం చూశావా అమ్మా? ఆట సమానమైపోతుందని ఎలా పసిగట్టావు?" ప్లీడరు గారు అడుగుతున్నాడు.

పిల్ల ఆయన్ని తెల్లబోయి చూసింది. "సమానవేటండీ?"

"మంత్రిని పెడితే డ్రా అయ్యేది గదమ్మా."

"నాకు తెల్దండీ. మంత్రిని పెడితే తమ రాజుకి ఊపిరుండదు గదండీ. అలగ ఊపిరి తియ్యకూడదు. తప్పు. మా తాత అలాటెత్తు ఎయ్యనీడు." ఇంతలో నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీ మాట తప్పీసినాను మాస్టారూ. మంత్రే పెడదావనుకున్నాను. సెయ్యి రానేదు."

నేను లెక్కల మాస్టారి వంక చూశాను. ఆయన నా వంక చూశాడు. రాజు ఇరుక్కుంటే ఆట సమానమనే నియమం ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఆయన చెప్పాడని నేను, నేను చెప్పానని ఆయన. ఉద్దానం ఆటలో అది సమానమూ కాదు, గెలుపూ కాదు. అసలు వేయకూడని ఎత్తు. ముసలాయన ఆ రోజు "ఎనక్కి తీసీ" అన్నది నామీద గౌరవంతో కాదని అప్పటికి నాకు వెలిగింది. నా చేతికి అందిన పాత అలవాటునల్లా పెరికేశాను. అది ఒక్కటే నా కంట పడక బతికింది. దానివల్లే పిల్ల బతికింది.

ప్లీడరు గారు డబ్బీ జేబులో వేసుకుంటూ నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "మాస్టారూ, మూడురోజులుగా వరండాలో మీ పాఠం వింటున్నాను. మూలగడి, మంత్రి. మూలగడి, మంత్రి. నా ఎత్తంతా దాని మీదే వేశాను." ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలిందంటే నమ్మండి. ఆయన నవ్వుతూనే అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది తండ్రి. పరిగెత్తాను. ఆ ఉద్యోగంలో నేను అంత వేగంగా పరిగెత్తింది అదొక్కసారే. వేపచెట్టు కింద ఎద్దుల్ని కాడికి కట్టేసి, పగ్గాలు పట్టుకుని నిలబడ్డాడు.

"గెలిచింది" అన్నాను ఆయాసపడుతూ.

నమ్మలేదు. "ఊరుకోండి మాస్టారూ. తమ మొగం సూసినాను గదా."

"నా మొహానికి చదరంగం రాదయ్యా."

పిల్ల నా వెనకే వచ్చి నిలబడింది. ఆయన దాని మొహం చూశాడు. పగ్గాలు చేతిలోంచి జారిపోయాయి, తీసుకోలేదు. కండువాతో మొహం తుడుచుకుని, బండిలోని మూట తీసి, పక్కనే ఉన్న తన అక్కకి, అదే పిల్ల మేనత్తకి, ఇచ్చి, "మళ్ళీ ఇంట్లో పెట్టీయప్పా" అన్నాడు.

తరవాత పిల్ల ఎక్కడిదాకా వెళ్ళిందో క్లుప్తంగా చెబుతాను. ఆ ఏడు రాష్ట్ర పోటీలో మూడో స్థానం. తరవాతి ఏడు పెద్దవాళ్ళందరినీ దాటి మొదటి స్థానం. రాష్ట్రంలో దాని ముందు కూర్చోడానికి జంకని ఆటగాడు లేడనే రోజులు వచ్చాయి. రాష్ట్ర పోటీకి ముందు లెక్కల మాస్టారు దాన్ని కూర్చోబెట్టి ఆ మిగిలిపోయిన నియమం చెప్పాడు, సమానమైతే ఇద్దరికీ చెరో సగం పాయింటు అని. మొత్తం విని, "ఊపిరి తీసినోడికి సగం, ఊపిరి పోయినోడికీ సగవేనా? ఇదేం న్యాయవండీ?" అంది. తను మాత్రం ఎంత పెద్ద ఆటలోనూ అలాంటి ఎత్తు వేయలేదని విన్నాను.

కానీ నా మనసు ఎప్పుడూ ఆ మర్నాటి పొద్దు దగ్గరే ఆగుతుంది. కట్టిన బండి కట్టినట్టే ఉంది గనక, ముసలాయనకి చెప్పి రావాలని అందరం అందులోనే ఎక్కాం. లెక్కల మాస్టారు కూడా. తెల్లవారేసరికి ఊరు చేరాం. ఎద్దుల గంటలు విని ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. లెక్కల మాస్టారు ఆగలేకపోయాడు. బండి దిగుతూనే మొదలుపెట్టాడు. ప్లీడరు గారి ఎత్తు, దాని వెనక పన్నాగం, మంత్రిని పెడితే ఏమయ్యేది, లక్షమందిలో ఒకరికి తట్టే ఆలోచన, ఏనుగుని ఎంచుకోవడంలోని అద్భుతం, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. తండ్రి, పిల్ల, నేను చుట్టూ నిలబడ్డాం.

ముసలాయన అంతా ఓపిగ్గా విన్నాడు. మనవరాలి చెయ్యి తడిమి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అయ్యాక లెక్కల మాస్టారి గొంతు వచ్చినవైపు మొహం తిప్పి, నిజంగానే అర్థంకాక అడిగాడు.

"మూలగడిలో ఏనుగు కాపోతే మరేటి పెడతారు బాబూ?"

లెక్కల మాస్టారు నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పవయ్యా అన్నట్టు. నేను నోరు మూసుకున్నాను. అప్పటికి అది నాకు కొంచెం అలవాటైంది.